కారణం లేని తరుగు

“బొంతలో ఏముండాదో తేలిందా?” అని అడిగింది కన్యకమ్మ. కంచంలో అన్నం కలపలేదు.

నంద్యాల కాలేజీలో ఫిజిక్స్ చెప్పే జాహ్నవి చెప్పులు విడిచి ఆమె పక్కన కూర్చుంది.

“ఏం లేదత్తా. ఉత్త గుడ్డే.”

ఆళ్లగడ్డలో మాధవయ్యది విత్తనాల అంగడి. ఆయన భార్య కన్యకమ్మ ఏ సంచినీ పారేసే మనిషి కాదు. పురుగుమందు పట్టించిన శనగ విత్తనాలు వచ్చిన గుడ్డసంచులను ఉతికి, మనవడు హర్షకు బొంత కుట్టింది. వాడు దాని అంచు చప్పరిస్తూ నిద్రపోయేవాడు. మూడేళ్లకే రక్తపు క్యాన్సర్‌తో పోయాడు. బొంతలోని మందే వాణ్ణి తీసుకుపోయిందన్న దిగులుతో అప్పటినుంచి ఆమె పూటకు రెండు ముద్దలు దాటడం లేదు. ఇట్లాగే ఉంటే నెల కూడా బతకదని డాక్టర్ తేల్చేశాడు. బొంత ముక్కను పరీక్షకు పంపించింది జాహ్నవే.

“మరి జబ్బు యాడినుంచి వచ్చింది? సరుకు తరిగితే తేమో పురుగో ఉంటాది. ఊరికే తరగదు.”

జాహ్నవి ఓపిగ్గా చెప్పింది. ఒంట్లోని ప్రతి కణంలో మెలితిరిగిన నిచ్చెనలాంటిది ఒకటి ఉంటుంది. దాని మెట్లను కలిపి ఉంచే అతిచిన్న రేణువు, తన ముందున్న అడ్డుగోడ ఎక్కే బలం లేకపోయినా, ఒక్కోసారి గోడ అవతల తేలుతుంది. సరిగ్గా అప్పుడే నిచ్చెనకు నకలు తయారైతే అందులో తప్పు పడుతుంది. కొన్ని జబ్బులు అట్లా మొదలవుతాయేమోనని శాస్త్రజ్ఞుల అనుమానం.

“దాన్ని ఎవురు తోస్తారు?”

“ఎవురూ తొయ్యరత్తా. నువ్వూ తొయ్యలేదు.”

కన్యకమ్మ కంచం దగ్గరికి లాక్కుంది. తర్వాత పప్పు వడ్డించమంది. కంచం ఖాళీ చేసింది.

జాహ్నవి నంద్యాల బస్సుకు బయల్దేరితే మాధవయ్య వెంట వచ్చాడు. నలభై ఏళ్లుగా మనుషుల ముఖాలు చూసి సరుకు నాణ్యం పసిగట్టినవాడు. బస్టాండులో చెయ్యి చాపి, పరీక్ష కాగితం ఇమ్మన్నాడు. ఆమె ఇచ్చింది. మందు పేరూ, పరిమాణమూ రెండూ అందులో ఉన్నాయి.

“గుడ్డలో ఉండాది గదమ్మా.”

“ఉండాది మామా. జబ్బు దాన్నుంచే వచ్చిందని మాత్రం ఎవురూ చెప్పలేరు. రాలేదనీ చెప్పలేరు.”

“నీకేమనిపిస్తాంది?”

“బొంతే.”

ఆమె కాగితం వెనక్కి తీసుకుని నాలుగు ముక్కలుగా చింపింది.

“అయినా అత్త అన్నం తినాల మామా.”

హర్ష జాహ్నవి కన్నకొడుకు.