ఓడలో వాటా

“ఓడ నాకియ్యి, అన్నా.”

వరంగల్ చౌరస్తాలోని బట్టల దుకాణం, ఇల్లు పంచుకున్నాక ఆ తెరచాపల ఓడ బొమ్మ ఒక్కటే మిగిలింది. సముద్రం ఎన్నడూ చూడని అన్నదమ్ములం, పత్రికలో పటం చూసి ఆరేళ్లు చెక్కిన ఓడ.

“నీ ఒక్కని చేతులేనా పుండ్లయినయి?” అంటూ అన్న వీరేశం రంపం తెచ్చాడు. తెరచాపలు చిరుగుతున్నా ఆగకుండా, ముక్కు నుంచి తోక దాకా దాన్ని నిలువునా కోసి, ఒక సగం నా మీదికి విసిరాడు.

సగం ఓడ నేల మీద నిలబడదు. ఎక్కడ పెట్టినా ఒరిగిపోయేది. చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

నాలుగో రోజుకు ఇంటి నడుమ కొత్త గోడ లేచింది. తడి ఆరకముందే అవతల సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. గోడ గిలాబు రాలి, జానెడు మేకు మొన నా గదిలోకి పొడుచుకొచ్చింది.

“గోడ నీ ఒక్కనిదే అనుకున్నవా?” అని అరిచాను.

“ఊకె మొత్తుకోకురా!” అన్న అంతకన్నా గట్టిగా అరిచాడు. “నా సగం ఈ దిక్కు తగిలిచ్చిన. నీది ఆ మొనకు తగిలియ్యి. ముక్కు బజారు దిక్కుండాలె. నాది గూడ అటే ఉన్నది.”