ఖాళీ గదిలో కరెంటు

కంప్యూటరు పెట్టె పొద్దున్నే బుసకొట్టడం మొదలుపెట్టింది.

తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. ఎనిమిదింటి నుంచీ అదే తిరుగుడు. సవిత దాన్ని చూసి చూసి రోత పుట్టి మొహం తిప్పుకుంది.

వల్లూరు సోలారు ప్లాంటులో ఆమె పని ఒక్కటే. ప్యానెళ్లు కడిగే ముప్పై మంది ఆడవాళ్ల హాజరు తొమ్మిది లోపల బెంగళూరు ఆఫీసుకు పంపాలి. తొమ్మిది దాటిందా, ఎండలో ఒళ్లు హూనం చేసుకున్నా ఆ రోజు ఎవరూ రానట్టే.

ఈ నెలలో రెండుసార్లు దాటింది. మూడోసారి దాటితే నువ్వు కూడా రానక్కర్లేదని మేనేజరు ఆనంద్‌కుమార్ నిన్ననే ఫోన్లో చెప్పాడు.

కిటికీ అవతల తుడుపు కర్రలు పట్టుకుని ఆడవాళ్లు నిలబడ్డారు. వాళ్లలో పెద్దది భాగీరథమ్మ పక్కకు తిరిగి తుపుక్కున ఉమ్మింది.

ఆ ఉమ్ము దిక్కుమాలిన మిషను మీదో, తన మీదో సవితకు తెలియలేదు.

తొమ్మిదికి రెండు నిమిషాలు ఉందనగా హాజరు వెళ్లింది.

ఇక లాభం లేదని పావగడకు ఫోను చేసి, కంప్యూటర్లు బాగుచేసే గిరీశ్‌ను పిలిపించింది. అతను వచ్చి నాలుగు మీటలు నొక్కి చూశాడు. ప్రాసెసరు నూటికి నూరు శాతం వాడకంలో ఉంది. ఎవరూ పని చెప్పకుండానే అంత పని చేస్తోంది. అప్‌డేటట. దానంతటదే దిగుతుందట.

“ఇది రాత్రి పూట దిగాల,” అన్నాడు గిరీశ్. “ఈడ రాత్రి మెయిన్ స్విచ్చి ఆపేస్తాండారు. దినామూ సగంలో తెగిపోయి, పొద్దున మళ్లా మొదలు పెడతాది. ఆపేటోల్లకు ఒక మాట చెప్పు, సాలు.”

ఆపేది ఎవరో వెతకాల్సిన పని లేదు. వాచ్‌మన్ కాటప్ప. ఈ గది కట్టిన నేల ఒకప్పుడు ఆయన శెనక్కాయ చేనే.

పిలిచి అడిగితే ఆయన దాచలేదు.

“అవు పాపా, నేనే. మా బోరు మోటరు అట్లే కాలిపాయ, సూసేటోల్లు లేక. ఖాళీ గదిలో కరెంటు ఉండకూడదు.”

మంచి పని చేసినవాడిలా చెప్పి, భుజం మీది తువ్వాలుతో స్విచ్‌బోర్డు మీది దుమ్ము తుడిచాడు.

గిరీశ్ అప్‌డేటును పూర్తిగా దింపి, ఇకమీద అది సాయంత్రాలే దిగేలా టైము మార్చి, మధ్యాహ్నానికి వెళ్లిపోయాడు. మిషను బుస ఆగింది.

సాయంత్రం ఆఫీసు నుంచి ఒక ఫారం వచ్చింది. రెండు రోజుల ఆలస్యానికి కారణం ఏమిటి, బాధ్యులు ఎవరు?

రెండు గడుల్లోనూ సవిత అప్‌డేటనే రాసింది.

ఐదు నిమిషాల్లో ఆనంద్‌కుమార్ ఫోను. అప్‌డేటును ఉద్యోగంలోంచి తీసేయమంటావా అని వెటకారం చేశాడు. మనిషి పేరు కావాలన్నాడు. లేకపోతే నీ పేరే రాసుకో అన్నాడు.

ఛీ, ఏం బతుకు అనుకుంది సవిత. తన పేరు రాద్దామనే కూర్చుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలు, పక్షవాతంతో మంచం పట్టిన అత్త గుర్తొచ్చారు.

పొద్దుటి దాకా ఒక్క అక్షరం పడటానికి అర నిమిషం పట్టేది. ఇప్పుడు కాటప్ప అనే మూడక్షరాలూ వేలు తీయకముందే తెర మీద పడ్డాయి.

వారం తిరిగేసరికి గేటుకు కెమెరా బిగించారు. వాచ్‌మన్ అక్కర్లేదన్నారు. ఎందుకో కాటప్పకు ఎవరూ చెప్పలేదు. సవితా చెప్పలేదు.

హాజరు ఇప్పుడు ఎనిమిదింబావుకే వెళ్లిపోతోంది. మిషను బాగు చేయించినావు తల్లీ అని భాగీరథమ్మ మెచ్చుకుంది. సవితకు తన చేతివేళ్లను చూసుకుంటేనే అసహ్యం వేసింది.

ఆఖరి రోజు సాయంత్రం కాటప్ప తాళంచెవి ఇవ్వడానికి వచ్చాడు.

“కంప్యూటరు బాగయిందా పాపా?”

“బాగయింది మామా.”

ఆయన బల్ల మీద తాళంచెవి పెట్టి, స్విచ్‌బోర్డు మీద వెలుగుతున్న ఎర్రలైటు వైపు చూశాడు.

“రేపట్నుంచి నేనుండను. పొయ్యేటప్పుడు నువ్వే ఆపు పాపా, మర్సిపోవద్దు.”

సవిత తలూపింది.