అవతలి గదిలో దిగినవాడు

"ఆగాగు. చంద్రుడి మీద గాలి లేదన్నావు. మరి అవతల తలుపు పడిన చప్పుడు వాడికెలా వినపడింది?"

అమ్మ పట్టేసింది. పట్టేస్తుందని అతనికి తెలుసు. అందుకే నిన్న పనిలో ఉండగానే ఆ సంగతి వెతికి చదువుకున్నాడు.

"చెవితో కాదమ్మా, కాళ్ళతో విన్నాడు. తలుపు అదురు నేలలోకి పాకింది. నేలలోంచి బూట్లలోకి, అక్కణ్ణించి సూటులో ఉన్న గాలిలోకి."

"ఓహో! అయితే రాసినవాడు తెలిసినవాడే. కానీ, చదువు."

కిటికీ పక్కన కుర్చీలో ఆవిడ మళ్ళీ వెనక్కి వాలింది. షుగరు వల్ల చూపు పూర్తిగా పోయింది. గుండె కూడా అంతంత మాత్రమే. కంగారు పెట్టే మాటేదీ చెవిన పడనివ్వద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్ళు పనిచేసింది. మనుషుల్ని గొంతుల్లోనే చూసిన ఉద్యోగం. కళ్ళు పోయాక పిచ్చెక్కిపోతుంటే, ఈ సైన్సు కథల రుచి మప్పింది పెద్దోడే. కాలేజీ ల్యాబులో అసిస్టెంటు. ప్రతి ఆదివారం వచ్చి ఒక కథ చదివేవాడు. ఆవిడ తప్పులు పట్టేది, వాడు సమర్థించేవాడు. ఇద్దరూ కలిసి భోజనం చల్లారబెట్టేవారు.

చిన్నోడికి ఇవేమీ పట్టేవి కావు. లిఫ్టులు బిగించే పని వాడిది. "లేని గ్రహాల కోసం ఉన్న కూర మాడ్చుకున్నారు" అని నవ్వి, గుమ్మంలోంచే జారుకునేవాడు. ఇద్దరూ కవలలు. మొహాలూ అవే, గొంతులూ అవే. తేడా అల్లా ఈ పిచ్చి ఒకటే.

అతను కథ ముగించి, అమ్మకి మాత్ర ఇచ్చి, మంచినీళ్ళ గ్లాసు చేతికందించాడు. ఆవిడ గ్లాసుతో పాటు అతని వేళ్ళు కూడా పట్టుకుంది.

"చేతులింత బండబారాయేంరా, పెద్దోడా?"

"సీసాలు కడిగే మనిషి మానేశాడమ్మా. నేనే కడుగుతున్నా."

"ఊఁ. చిన్నోడు రావట్లేదేం? వాడినేమైనా అన్నానా నేను?"

"నువ్వేమంటావు! ఊరవతల పెద్ద బిల్డింగు పని ఒప్పుకున్నాడు, తీరిక లేదు. ఫోన్ చేస్తున్నాడుగా."

"చేస్తున్నాడు. తిన్నావా, మాత్ర వేసుకున్నావా అంటాడు, పెట్టేస్తాడు." ఆవిడ గ్లాసు పక్కన పెట్టింది. "ఇంకోటి చదువు. ఇవాళెందుకో నిన్ను వదలబుద్ధి కావట్లేదు."

రెండో కథ అతను ముందుగా చూసుకోలేదు. పుస్తకం తెరిస్తే వచ్చింది చదవడం మొదలుపెట్టాడు. ఒక మనిషి ఒక గదిలోకి వెళ్తాడు. యంత్రం అతని ఒంట్లో ప్రతి పరమాణువు ఎక్కడుందో చదువుకుని, ఆ వివరం రేడియోలో పంపిస్తుంది. ఎక్కడో దూరాన ఇంకో గదిలో, అక్కడి పరమాణువులతోనే అచ్చం అదే మనిషి తయారవుతాడు. తలుపు తీసుకుని ఇంటికి వెళ్తాడు. ఇంట్లోవాళ్ళు ఎదురొస్తారు.

"ఇక్కడివి కానప్పుడు, వాడు వీడెలా అవుతాడు?" అంది అమ్మ.

"పరమాణువులకి పేర్లుండవమ్మా. ఏ హైడ్రోజనైనా ఒకటే. అమరిక కుదిరితే మనిషి కుదిరినట్టే అంటారు."

"మరి ఇవతల గదిలో ఉన్నవాడో?"

దీనికి జవాబు అతను ఎక్కడో చదివాడు. చదివిన రోజు పుస్తకం మూసేసి, చాలాసేపు మెట్ల మీద కూర్చుండిపోయాడు.

"అసలుని అలాగే ఉంచి దానికి నకలు తీయడం కుదరదట. అంత సూక్ష్మంగా చదవాలంటే అసలు చెదిరిపోవాల్సిందే. అవతల ఒకడు దిగాడంటే, ఇవతల ఒకడు లేడన్నమాట."

"అయ్యో."

"కథే కదమ్మా."

"కథేలే. మరి ఆ దిగినవాడికి తెలుసా, తను వాడు కాదని?"

"అది రాయలేదు."

"తెలిస్తే చచ్చే చావు కదురా. ఇంటిల్లిపాదీ వాణ్ణి చూసి సంబరపడుతుంటే, పోయినవాడి కోసం వాడొక్కడే ఏడవాలి. అదైనా ఎక్కడ ఏడుస్తాడు?"

అతను పుస్తకం మూశాడు. కళ్ళు కనపడని మనిషి ముందు మొహం దాచుకోనక్కర్లేదు, గొంతు దాచుకుంటే చాలు. పుస్తకం సంచిలో పెట్టుకున్నాడు. వంటగదిలోకి వెళ్ళి, ఇప్పటికే కట్టేసి ఉన్న గ్యాసు మళ్ళీ చూశాడు. కిటికీ రెక్క దగ్గరికి వేశాడు. ఇంక చెయ్యడానికి పనేమీ దొరకలేదు.

"వెళ్ళొస్తానమ్మా. వచ్చే వారం అంగారకుడి మీద కథ."

"దగ్గరికి రా."

వెళ్ళి కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆవిడ తడుముకుంటూ అతని తల అందుకుని, ఒళ్ళోకి లాక్కుంది. జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి, చాలాసేపు అలాగే నిమిరింది. వీధిలో ఏదో బండి ఆగి, మళ్ళీ కదిలి వెళ్ళిపోయింది.

"అన్న పోయాక ఒక్కసారైనా ఏడ్చావా, చిన్నోడా?"