ఆయ్ మార్ద్

"ఒక్కసారి పిలిచి చూపించండి మామ్మగారూ. ఊరికే మాట చెప్పినట్టు కాదు, నిజంగా పిలిచినట్టు," అంది నజేలి, ఫోనుని బల్ల మీద కాస్త ముందుకు జరిపి.

"పిలవను," అంది వార్సెనిక్. "ముందు కాఫీ తాగు. చల్లారితే బురదే."

లోరి కొండల్లో నజేలి తిరగని ఊరు లేదు. రాజధాని యెరెవాన్‌లో తయారవుతున్న మాండలిక నిఘంటువుకి మాటలు ఏరి, మాటకో కార్డు రాసి తేవడం ఆమె పని. పెళ్లాం మొగుణ్ణి ఏమని పిలుస్తుందన్న కార్డు ఒక్కటే ఇంకా ఖాళీగా ఉంది. ఈ ఊళ్లో పాతకాలపు ఆడవాళ్లు మొగుడి పేరెత్తేవారు కాదు. "ఆయ్ మార్ద్" అనేవారు, ఓ మనిషీ అని. మొదటి మాట సాగదీసి, రెండోదాన్ని ఠక్కున తుంచే తీరు ఒకటి ఉండేదిట. ఇప్పటి కోడళ్లు శుభ్రంగా పేరు పెట్టి పిలిచేస్తున్నారు. ఆ తీరు వచ్చినవాళ్లలో మిగిలింది వార్సెనిక్ ఒక్కతే. అది రికార్డు చెయ్యకుండా ఐదింటి బస్సెక్కితే, ఇంత దూరం వచ్చి వట్టి చేతులతో వెళ్లినట్టే.

"ఎందుకు పిలవరూ?"

"ఎవర్ని పిలవనూ? ఆయన పోయి పదకొండేళ్లయింది."

నజేలి నాలుక కరుచుకుంది. "తెలియక అడిగాను మామ్మగారూ."

"నీకెలా తెలుస్తుందిలే."

ఇద్దరూ పెరట్లో అక్రోటు చెట్టు కింద కూర్చున్నారు. పెరటికి అడ్డంగా నల్లరాతి గోడ, చెట్టుకొమ్మలు సగం ఇటూ సగం అటూ. అవతల ఎవరో కాయలు పగలగొడుతున్నారు, టక్ టక్ మని. గోడ మీద గుడ్డ కప్పిన పళ్లెం ఒకటుంది. ద్రాక్షాకుల్లో మాంసం చుట్టి వండిన డోల్మాని, నజేలికి వడ్డించేముందే వార్సెనిక్ అక్కడ పెట్టి వచ్చింది.

"పక్కింటివాళ్లకా?"

"ముసలాడొకడున్నాడు. వంట చేతకాదు. మెల్లిగా మాట్లాడు పిల్లా, చెవుడు మాత్రం లేదు."

"గోడ ఎంత తీరుగా కట్టారో," అంది నజేలి మాట మార్చడానికి.

"మా ఆయన చేతిపనే. చెయ్యి తిరిగిన తాపీమేస్త్రి. ఆఖర్న కట్టింది అదే." వార్సెనిక్ గోడకేసి చూసి చూపు తిప్పేసుకుంది. "అవునూ, మాటలకి పుట్టుకలు కూడా చెబుతావుటగా. మార్ద్‌కి ఏం పుట్టుక?"

చెప్పాలా వద్దా అని నజేలి తటపటాయించింది. మన తెలుగులోని ‘మర్త్యుడు’ అన్న మాటకి అది దూరపు చుట్టమే మరి. "చాలా పాత మాటండీ. చచ్చేవాడు అని అర్థం."

వార్సెనిక్ నవ్వింది, కానీ ఆ నవ్వు కళ్లదాకా రాలేదు. "ముప్ఫై ఎనిమిదేళ్లు అదే పిలుపు పిలిచానే. ఇంకేదన్నా మంచి మాట లేదా మీ కార్డుల్లో?"

"ఇంకేర్ ఉందిగా. ఇప్పుడు స్నేహితుడంటున్నాం కానీ, విడదీస్తే కలిసి తినేవాడు అని."

"కలిసి తినేవాడు." ముసలామె ఆ మాటని నోట్లో కాసేపు నానబెట్టుకుంది. "ఒకే వంట, ఎవరిచోట వాళ్లు కూర్చుని తింటే?"

పండగలకి సమాధుల దగ్గరికి రొట్టె, వైను పట్టుకెళ్లే తన అమ్మ నజేలికి గుర్తొచ్చింది. "అదీ కలిసి తిన్నట్టేనండీ," అంది.

"పోయే రోజు నా మొహంలోకి చూసి, ఒక్కసారి పిలువే చాలు, అన్నాడు," అంది వార్సెనిక్. "మూడు రోజులుగా మాటల్లేవు మా మధ్య. నాతో చెప్పకుండా ఆవునమ్మేశాడు."

"ఆవు కోసమా?"

"నీకు నవ్వులాటగా ఉంది. పాలిచ్చే ఆవది. ఒళ్లు మండి నోరు మెదపలేదు. అంతే, పోయాడు. మర్నాటి నుంచీ పిలుపు పెదాల దాకా వస్తుంది, మింగేస్తాను. రోజూ అంతే."

"ఆయన మీద బెంగ కదూ? కరోత్ అంటాం చూడండి, పాత పుస్తకాల్లో దానికి లేమి అనే అర్థం."

"అది నాకు పుస్తకం చెప్పక్కర్లేదు."

టక్ టక్ సాగుతూనే ఉంది. నజేలి టైము చూసుకుంది. బస్సుకి ఇంకా పావుగంటే ఉంది. ఈ ముసలామెని ఇంకా వేధించడానికి మనసొప్పలేదు. ఫోను ఆపి సంచీలో పడేసుకుని లేచింది.

"వెళ్తానండీ. కార్డు లేకపోతే పోయింది. కానీ ఒక్క మాట. నిఘంటువు కోసం కాదు, మీ కోసం పిలవండి. ఆ పిలుపు మీకు గొంతులో ముల్లులా ఉండిపోయింది."

"పిలిచాక పలక్కపోతే?" అంది వార్సెనిక్. "నోరు మూసుకుంటే పలుకుతాడేమోనన్న ఆశన్నా మిగులుతుంది. పిలిచేశాక అదీ ఉండదు."

పలకరని మీకూ తెలుసుగా, అనబోయి నజేలి ఆగిపోయింది. ఆమె భుజం మీద చెయ్యేసి, "వినేవాళ్లు ఎక్కడున్నా వింటారు మామ్మగారూ," అంది.

వార్సెనిక్ బల్ల మీది కప్పు పక్కకి జరిపింది. తర్వాత లేచి, తలగుడ్డ సర్దుకుని, పొయ్యి దగ్గర నిలబడి పొలంలో ఉన్న మనిషిని అన్నానికి పిలిచేదానిలా మెడ ఎత్తింది.

"ఆ... ఆయ్ మార్ద్!"

సాగదీయడం, తుంచడం, అన్నీ ఉన్నాయి అందులో. ఫోను ఆపేసినందుకు నజేలి ఒక్క క్షణం తనని తాను తిట్టుకుంది. టక్ టక్ ఆగిపోయింది. గోడవతల స్టూలు కిర్రుమంది.

"వస్తున్నానే," అన్నాడు ముసలాడు, తను కట్టిన గోడ అవతల్నుంచి.