గోడవతల చప్పుడు

ప్రియకు ఏడాదిన్నర. నిద్ర ఆ పిల్లకి ఆగర్భశత్రువు.

పగలంతా ఇల్లు పీకి పందిరేస్తుంది. దీపాలు పెట్టే వేళకి కళ్ళు నలుపుకుంటుంది. అయినా పడుకోదు. పడుకున్నా కాసేపటికే ఉలిక్కిపడి లేచి, వీధంతా వినబడేలా రాగం ఎత్తుకుంటుంది.

తల్లి భారతి చెయ్యని ప్రయత్నం లేదు. వేడినీళ్ళు పోసింది. సాంబ్రాణి వేసింది. దిష్టి తీసింది. భుజాన వేసుకుని తిరిగీ తిరిగీ ఆమె కాళ్ళు వాచాయి. భర్త శ్రీను రైలు గార్డు. ఇంట్లో ఉండే రాత్రులు తక్కువ. పిల్ల చూస్తే చిక్కి సగమైపోతోంది.

టెక్కలిలో పిల్లల డాక్టరుకి చూపించింది.

"ఒంట్లో ఏమీ లేదమ్మా. రోజూ ఒకే వేళకి పడుకోబెట్టండి. ఫోను చూపించకండి. పక్కన చప్పుళ్ళు లేకుండా చూసుకోండి."

చప్పుడు అనగానే భారతికి ఒళ్ళు మండింది.

గోడకి అవతలి వాటాలో అసిరమ్మ అనే ముసలమ్మ ఒంటరిగా ఉంటోంది. చెక్క సుత్తితో జీడిపిక్కలు కొడుతుంది. పలాసలో జీడిపిక్కలు కొట్టని వీధి ఏది గనక! కానీ ఈవిడ వరస వేరు. పగలంతా గప్‌చుప్. సరిగ్గా ప్రియని పక్కమీద వేసే వేళకి టక్... టక్... మొదలు. ఆ చప్పుడు ఆగితే గాని పిల్ల నిద్రపోదు. మళ్ళీ పిల్ల లేచి ఏడుస్తుంటే, గోడవతల మళ్ళీ అదే టక్... టక్...

ఊరు చేరగానే భారతి వెళ్ళి అసిరమ్మ గుమ్మంలో నిలబడింది.

"రా తల్లీ," అంది ముసలమ్మ. ఏళ్ళ తరబడి జీడి రసం తగిలి నల్లబడిపోయిన చేతులు కొంగుకి తుడుచుకుంది. "పాపేటి సేత్తంది?"

"నువ్వు పడుకోనిత్తే కదా! పిల్ల పడుకునే వేళకే నీ సుత్తి లేత్తాది. ఏటమ్మా నీ వరస?"

అసిరమ్మ తెల్లబోయింది.

"పిల్ల తొంగుంటే నానెందుకు కొడతానమ్మా?"

"కొట్టట్లేదా? మరి నాకు రోజూ వినబడేదేటి? నా చెవులు చెడిపోయాయా?"

"అది కాదు తల్లీ..."

"చాలమ్మా. ఇంకేటీ చెప్పకు."

కళ్ళెదుటే అబద్ధం ఆడుతోందని భారతికి ఇంకా మండింది. తిన్నగా ఇంటి యజమాని నూకయ్య దగ్గరికి వెళ్ళింది.

"ఆవిడైనా ఉండాలి, మేమైనా ఉండాలి. తేల్చండి నూకయ్యగారూ."

నూకయ్య మెత్తటి మనిషి. గట్టిగా అడిగినవాళ్ళకి కాదనలేడు. ఆయన చెప్పగానే అసిరమ్మ సరేనని తలూపింది. చెల్లెలి కూతురొచ్చి ఆవిడని బరంపురం అవతల ఏదో పల్లెకి తీసుకుపోయింది.

పోతూ పోతూ ముసలమ్మ ప్రియ బుగ్గ పుణికింది.

"ఏడవకే బంగారూ. అమ్మ అలిసిపోతంది."

భారతి మొహం తిప్పుకుంది.

ఆ రాత్రి ఇల్లంతా నిశ్శబ్దం. డాక్టరు చెప్పిన వేళకే పక్క వేసింది. లైటు తగ్గించింది. ఫోను బీరువాలో పెట్టింది.

ప్రియ తెల్లవార్లూ ఏడ్చింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఏడ్చి ఏడ్చి పిల్లకి గొంతు బొంగురుపోయింది, ఒళ్ళు కాలిపోయింది. ఇదివరకు ఆ మాత్రమైనా పడుకునేది కదా, ఇప్పుడేమొచ్చిందో భారతికి అర్థం కాలేదు. పిల్లతో పాటు తనూ ఏడ్చింది.

ఓ మధ్యాహ్నం నూకయ్య పక్కవాటా ఖాళీ చేయిస్తూ పిలిచాడు.

"ఈ బస్తా సూడమ్మా. పొయ్యిలోకేటైనా పనికొత్తాదేమో."

ఏడుస్తున్న ప్రియని భుజాన వేసుకునే వచ్చింది భారతి. బస్తాలో చెయ్యి పెట్టింది. పైనా, అడుగునా అన్నీ ఒట్టి తొక్కులే. పక్కనే నున్నగా అరిగిపోయిన చెక్క సుత్తి.

"పిక్కలేవీ?"

"పిక్కలెక్కడివమ్మా! జీడి కార్ఖానాకి మిషన్లొచ్చినప్పుడే ముసల్దాన్ని మానిపించీసేరు. మీరీ ఇంటికి రాకముందు మాట. పింఛనీతో బతికీది."

"మరి రోజూ ఏం కొట్టేది?"

"ఈ తొక్కులే. నానూ అడిగేను. 'కార్ఖానాలో మా పిల్లలందరూ ఈ సప్పుడికే తొంగునీవోరు నూకయ్యా' అని నవ్వీసింది. మతి సెడిందనుకున్నాను."

భారతి పిల్లతోనే నేలమీద కూర్చుంది.

సుత్తి చేతిలోకి తీసుకుంది. ఓ తొక్కు ముందు పెట్టుకుని కొట్టింది.

టక్... టక్...

ప్రియ ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది. వెక్కిళ్ళు ఆగాయి. చిన్న తల తల్లి భుజమ్మీద బరువుగా వాలింది.

"ఆవిడ ఫోను నెంబరు ఇవ్వండి నూకయ్యగారూ," అంది భారతి.

"ఆవిడికి ఫోనెక్కడిదమ్మా? ఊరి పేరైనా నాకు సరిగ్గా తెల్దు."

పిల్ల తొంగుంటే నానెందుకు కొడతానమ్మా? ఆ రోజు అబద్ధమనుకున్న మాట ఇప్పుడు సరిగ్గా వినబడింది. కన్నతల్లి విసుక్కున్న రాత్రుల్లో కూడా విసుక్కోని ఊడిగం అది. ఎవరూ అడగనిది, ఎవరికీ చెప్పుకోనిది. ఎంత మనసు ఆ ముసలమ్మది!

సుత్తి చప్పుడు ఆగిందని పాప ఏనాడూ నిద్రపోలేదు. గోడకి చెవి ఆనించి, పాప నిద్రపోయిందని తెలిసాకే ఆ నల్లటి చేతులు సుత్తి కింద పెట్టేవి.