గాజు పెట్టెల ఓడ

“ఆపకు, చదువమ్మా,” అన్నాడు శివ్ ప్రసాద్.

హోప్ లాప్‌టాప్‌ను కాస్త తన వైపు తిప్పుకుంది. నూట ఇరవై ఏళ్ల కిందట మద్రాసు నుంచి ఫిజీకి చెరకు తోటల కూలీలను తీసుకెళ్లిన తెరచాప ఓడ కథ అది. పై డెక్కు మీద గాజు పెట్టెల్లో మామిడి, దాల్చినచెక్క మొక్కలు కూడా వెళ్లాయి. వాటికి కాపలాగా వెళ్లిన దొర రాసుకున్న పుస్తకం ఫొటోలు తెప్పించింది శివ్ ప్రసాద్ మనవరాలు నీలం. ఫిజీ నుంచి వలస వచ్చిన ముసలాయనకు చూపు లేదు. నీలంకు ఆ గొలుసుకట్టు ఇంగ్లీషు రాత అర్థం కాదు. అందుకే కెనడాలో, ఆ బర్నబీ ఊరి కొండ మీది యూనివర్సిటీలో చరిత్ర చదువుతున్న కాకినాడ పిల్ల హోప్‌ను పిలిపించారు. స్టూడెంట్లు పార్ట్‌టైమ్ పనుల కోసం క్యూలు కడుతున్న ఆ ఏడాది, ఆమెకు అది దేవుడిచ్చిన పని.

“‘మంచినీళ్లు తగ్గిపోతున్నాయి. మొక్కలకు మాత్రం రెండు పూటలా పోయాలి.’”

“మరి మనుషులకి?”

“రోజుకో గ్లాసు, తాతగారూ.”

శివ్ ప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. “మా తాత పైడయ్య ఆ ఓడలోనే పోయాడు. నీళ్లు దొంగిలించి, దొరికిపోయి, సముద్రంలో దూకేశాడన్నారు. అప్పటికి మా నాన్న రెండేళ్లవాడు. చచ్చేదాకా ఆయన్ని దొంగ కొడుకనే పిలిచారమ్మా. పైడయ్య పేరుందేమో చూడు.”

హోప్ తర్వాతి పేజీ తెరిచింది. దాన్ని పెద్దది చేసి, రెండుసార్లు తనలోనే చదువుకుంది.

“ఏముందమ్మా?”

“ఉంది తాతగారూ.” ఆమె నెమ్మదిగా మొదలుపెట్టింది. “‘పైడయ్య, విశాఖపట్నం జిల్లా. మొక్కల పని నమ్మకంగా చేశాడు. తన వాటా నీళ్లు బిడ్డకు పట్టి, జ్వరంతో పోయాడు. అందరూ డెక్కు మీదకొచ్చి సాగనంపారు.’”

శివ్ ప్రసాద్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు అదిరిపోయేలా ఏడ్చాడు.

“నీలం! హీ వాజ్ నాట్ ఎ థీఫ్!”

వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన నీలం తాతను పొదివి పట్టుకుంది.

“ఇంకొక్కసారి చదువమ్మా.”

హోప్ గోడ వైపు చూస్తూ మళ్లీ అదే చెప్పింది.

బస్సెక్కాక ఆమె ఆ పేజీ మరోసారి తెరిచింది. అక్షరాలు మసకబారాయి. కళ్లు తుడుచుకుంది.

‘మొక్కల నీళ్లు బిడ్డకు పట్టిన కూలీ పైడయ్య కొరడా దెబ్బలకు చచ్చాడు, మొక్కలు క్షేమం.’