మేకల అరబ్బీ

సాయంత్రం విమానానికి ఇంటికి పోతానని ఆ ఒమన్ పెద్దాయన మొండికేసి కూర్చున్నాడు. వచ్చిన నాటి నుంచి ముద్ద సరిగ్గా ముట్టలేదు. తిండి తిని కాస్త పుంజుకుంటే తప్ప కీమో మొదలుపెట్టలేమని డాక్టరు తేల్చేశాడు. మొదలుపెడితే తగ్గే జబ్బేనని కూడా చెప్పాడు. పెద్దాయన ఆ మాటను చెవిన పెట్టలేదు. గోడ వైపు తిరిగిన మొహాన్ని ఇటు తిప్పలేదు.

సిద్దిపేట బయట కొత్తగా లేచిన ఆ క్యాన్సర్ దవాఖానలో విదేశీ పేషెంట్లకని ఒక అంతస్తే ఉంది. అక్కడ గట్టిగా మాట్లాడటం నిషిద్ధం. నర్సులు నేలకు నొప్పి పుడుతుందేమో అన్నట్టు నడుస్తారు. ఎవరేమన్నా "మీ ఇష్టం సార్" అంటారు. ఇంటికి పోతానన్నా అదే జవాబు.

ఆ అంతస్తు మంచిచెడ్డలు చూసేది భవాని. హైదరాబాదు నుంచి రావాల్సిన అరబ్బీ దుబాసీ జ్వరంతో పడుకున్నాడు. పెద్దాయన కొడుకు సాలిం తండ్రి కాళ్లు పట్టుకుని బతిమాలి అలసిపోయాడు. విమానాశ్రయానికి పోయే కారు కూడా కింద సిద్ధంగా ఉంది. అప్పుడు భవానికి వీల్‌చెయిర్లు నెట్టే రాజమల్లయ్య గుర్తొచ్చాడు.

"కాకా, నువ్వు ఆ దేశం ఉప్పు తిన్నోడివి. పోయి ఒక్క మంచిమాట చెప్పు. ఇప్పుడు పోయిండంటే ఆయన మళ్ల రాడు."

రాజమల్లయ్య నెడుతున్న వీల్‌చెయిర్‌ను గోడకు ఆనించాడు. ఒమన్‌లో శానేండ్లు ఉన్నాను, అరబ్బీ దంచికొడతానని చెప్పి ఈ నౌకరీలో చేరాడు. అది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. ఉన్నన్నాళ్లూ ఎడారిలో మేకల మధ్యే ఉన్నాడు. అతనితో మాట్లాడిన మనిషి మేకల సేటు ఒక్కడే. ఆ సేటు నోట వచ్చినవి రెండే, హుకుములూ తిట్లూ. బాగున్నావా అని అతన్ని ఎవరూ అడగలేదు, అందుకే ఆ మాట అరబ్బీలో ఎలా అడగాలో అతనికి తెలియదు.

"అట్లనే బిడ్డా" అన్నాడు.

గదిలోకి అడుగు పెట్టగానే ఏలకులు వేసిన కాఫీ వాసన తగిలింది. బల్ల మీద గిన్నెలో ఖర్జూరాలు, పక్కన ముట్టని అన్నం పళ్లెం. ఒక్క క్షణం రాజమల్లయ్య సిద్దిపేటలో లేడు. ఇసుక మీద ఎండ దిగుతోంది, మేకలు నీళ్ల తొట్టి దగ్గర తోసుకుంటున్నాయి, సేటు డేరా ముందు కూర్చుని కాఫీ కాస్తున్నాడు. అక్కడున్నప్పుడు సొంతూరు మిరుదొడ్డి కోసం వెక్కి వెక్కి ఏడ్చినవాడు, మిరుదొడ్డికి తిరిగొచ్చాక ఆ ఇసుక కోసం లోలోపల కుమిలిపోయాడు. చెబితే నవ్వుతారని భార్య కనకవ్వకు కూడా చెప్పలేదు.

పెద్దాయన వీపు చూస్తే అతనికి తన వీపే కనిపించింది. అవ్వ పోయిందని ఫోనొచ్చిన రోజు తానూ ఇలాగే డేరా గుడ్డ వైపు తిరిగి కూర్చున్నాడు. సేటు వచ్చి అన్నం పళ్లెం ధన్‌మని ముందు పెట్టి తిట్టడం మొదలుపెట్టాడు. అతను తినేదాకా తిడుతూనే ఉన్నాడు. తిన్నాక అదే పళ్లెంలో మిగిలింది తానూ తిన్నాడు. సేటు కూడా పొద్దటి నుంచి పస్తున్నాడని రాజమల్లయ్యకు అప్పుడే తెలిసింది. ఎంత మంచివాడు, ఎంత చెడ్డ నోరు అనుకున్నాడు ఇప్పుడు, కళ్లు తడుస్తుంటే.

మంచిమాట కోసం వెతుక్కుంటూ నోరు తెరిచాడు. ఒక్కటీ దొరకలేదు. సేటు మాటలే సేటు గొంతుతో బయటికొచ్చాయి.

"గూమ్" అన్నాడు. లెమ్మని.

"కుల్" అన్నాడు. తినమని.

అక్కడితో ఆగుదామనుకున్నాడు కానీ, ఆ తిట్లు అతనికి విడివిడిగా రావు. ఒకటి తగిలితే మొత్తం దండ తెగిపడుతుంది. లే గాడిదా, తిను, నువ్విట్ల కూసుంటే మేకల్ని నీ అయ్య కాస్తడా, నడువు నడువు అని అరబ్బీలో ఏకబిగిన కురిపించాడు. చెయ్యి కూడా సేటు అలవాటు మరిచిపోలేదు. పళ్లేన్ని ధన్‌మని పెద్దాయన ముందు పెట్టింది.

సాలిం నల్లబడ్డ మొహంతో కుర్చీలోంచి లేచాడు. పెద్దాయన మెల్లగా గోడ వైపు నుంచి తిరిగి, రాజమల్లయ్యను కాళ్ల నుంచి తల దాకా చూశాడు. ఆ చూపుకు నిలవలేక అతను బయటికి నడిచాడు.

లిఫ్టు దగ్గర నిలబడి మెడలోని గుర్తింపు కార్డు తీశాడు. నౌకరీ ఎలాగూ పోయింది. ఒక రోగిష్టి మనిషిని గాడిదా అన్నందుకే అతనికి ఎక్కువ సిగ్గుగా ఉంది. కాసేపటికి భవాని పరుగులాంటి నడకతో వచ్చింది. ఆమె వెనుక సాలిం ఉన్నాడు, చేతి గుడ్డతో కళ్లు తుడుచుకుంటూ.

రాజమల్లయ్య కార్డు ముందుకు చాచాడు. "తప్పయింది బిడ్డా. నాకొచ్చే అరబ్బీ గంతే."

భవాని కార్డు అందుకోలేదు. కారు వెనక్కి పంపించేశారని, పెద్దాయన పళ్లెం ముందర పెట్టుకుని తింటున్నాడని చెప్పింది. రాజమల్లయ్యను ఒక మాట అడిగి రమ్మని కొడుకును పంపాడని కూడా చెప్పింది.

"ఏం మాటట?"

సాలిం ఇంగ్లీషులో చెప్పినదాన్ని భవాని తెలుగులో చెప్పింది.

"'సచ్చేటోణ్ణి ఎవడన్న లేసి మేకలు కాయమని తిడతడా? అంటే, నేను బతుకుతనన్నట్టే గదా?' అని అడుగుతుండు కాకా."